యంత్రాలకున్న రక్షణ కార్మికునికి ఏదీ?

ఏ కంపెనీ చేతులు మారినా అది ఎంతకు అమ్ముడుపోయిందో, వాటాదారులకు ఎంత దక్కిందో పత్రికలు పెద్ద అక్షరాలతో వ్రాస్తాయి. ఆ అమ్మకము ఆ రూపంలోనే ఎందుకు జరిగిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఆ ప్రశ్నను కార్మికవర్గం ముందుంచడం మా బాధ్యతగా భావిస్తున్నాము.

యజమాని ముందు ముఖ్యంగా మూడు దారులున్నవి. వాటాలను అమ్మవచ్చు. ఫ్యాక్టరీని ఆస్తులతో, అప్పులతో సహా ‘స్లంప్ సేల్’ అనబడే గుండుగుత్త విక్రయం చేయవచ్చు. లేదా కంపెనీని మరొక కంపెనీలో విలీనం చేయవచ్చు. ఏ దారి అన్నది పన్ను లెక్క చూచుకొని నిర్ణయించుకుంటారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 1999లో చేర్చిన 50బి సెక్షను, మూడేండ్లకు పైగా తన ఆధీనంలో ఉన్న యూనిట్‌ను యజమాని గుండుగుత్తగా అమ్మితే వచ్చే లాభాన్ని దీర్ఘకాలిక మూలధన లాభంగా పరిగణించింది. 1977లో చేర్చిన 72ఎ సెక్షను, ఖాయిలాపడిన పరిశ్రమను విలీనం చేసుకున్న కంపెనీకి ఆ పాత నష్టాలను తన లాభాల నుండి తగ్గించుకొనే వీలు కల్పించింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నారు పెద్దలు. కార్మికుడు బకాయి జీతాలతో నెట్టుకొచ్చిన ఏండ్ల నష్టమే కొన్నవానికి పన్ను రాయితీ అవుతున్నది.

రాయితీకి షరతులు లేకపోలేదు. విలీనమైన కంపెనీ స్థిరాస్తుల పుస్తక విలువలో నాలుగింట మూడు వంతులు అయిదేండ్లపాటు నిలుపుకోవాలి. వ్యాపారాన్ని అయిదేండ్లు సాగించాలి. నాలుగేండ్లలో స్థాపిత సామర్థ్యంలో సగమైనా ఉత్పత్తి సాధించాలి. కార్మికులలో ఎందరిని నిలుపుకోవాలో చెప్పే షరతు ఒక్కటీ లేదు. యంత్రాలను తుక్కుకు అమ్మితే రాయితీ పోతుంది. వాటిని నడిపిన మనిషిని గేటు వెలుపలికి పంపితే రాయితీకి భంగం లేదు! 1961 చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త చట్టాన్ని ఆమోదించినప్పుడు కూడా ఈ లోటు పూడ్చబడలేదు.

అంతేకాదు, యజమాని తన పన్ను కోసం ఎంచుకున్న రూపమే మన హక్కులనూ నిర్ణయిస్తున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25ఎఫ్ఎఫ్ సెక్షను ప్రకారం సంస్థ బదిలీ అయినప్పుడు సర్వీసు, షరతులు యథాతథంగా కొనసాగాలి. లేకుంటే నోటీసు, ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉన్నది. కాని వాటాలు అమ్మినప్పుడు కంపెనీ అదే, యజమాని మారలేదు అంటారు. నోటీసూ లేదు, పరిహారమూ లేదు.

విలీన పథకంపై ఎవరెవరికి నోటీసు ఇవ్వాలో 2013 కంపెనీల చట్టం 230వ సెక్షను చెబుతున్నది. ఆదాయపు పన్ను శాఖ, రిజర్వు బ్యాంకు, సెబీ ఆ జాబితాలో ఉన్నవి. కార్మిక సంఘం లేదు. కంపెనీ మూసివేత పిటిషనులో కార్మికుల వాదన వినవలసిందేనని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో తీర్పు చెప్పింది. మూతపడేటప్పుడు వినవలసిన గొంతును అమ్ముడుపోయేటప్పుడు ఎందుకు వినరాదు?

రాయితీ లేకుంటే ఖాయిలా పరిశ్రమను ఎవరు కొంటారని యాజమాన్యాలు వాదిస్తున్నవి. పరిశ్రమ బతకడం మాకూ కావాలి. అయితే వదులుకున్న పన్ను ప్రజల సొమ్ము. పరిశ్రమను కాపాడేందుకు ఇచ్చిన సొమ్ము ఇనుమును మాత్రమే కాపాడితే చాలదు.

అందుచేత మేము డిమాండు చేస్తున్నాము: యంత్రాలకు పెట్టిన షరతునే కార్మికులకూ పెట్టి, నాలుగింట మూడు వంతుల ఉద్యోగాలను అయిదేండ్లు నిలిపినవానికే రాయితీ ఇవ్వాలి. విలీన నోటీసు సంఘానికీ చేరాలి. అదుపు చేతులు మారే వాటాల అమ్మకంలోనూ కార్మికునికి బదిలీ రక్షణ వర్తింపజేయాలి.

అమ్మకం మాట వినిపించిన రోజే ప్రతి యూనియన్ యాజమాన్యానికి లేఖ వ్రాయాలి: అమ్మకము ఏ రూపంలో? మా సర్వీసు, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీల బాధ్యత ఎవరిది? సంతకాలు కాకముందే ఈ జవాబు రాతపూర్వకంగా రాబట్టుకోవాలి.