గేదెలు మనవి, కోట్లు వాళ్లవి

2024 మే 13న రెండు తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ జరిగింది. అప్పుడు ఏ సభ చూసినా రైతు జపమే. అయితే వాళ్లు మాట్లాడింది మన అప్పుల గురించి కాదు, గిట్టుబాటు ధర గురించి అంతకన్నా కాదు. రైతును ముందు నిలబెట్టి, వెనక ఎవరి ఆస్తులకు కాపలా కాస్తున్నారో మనం గమనించాలి.

2024 ఏప్రిల్ 24న కాంగ్రెస్ నాయకుడు శాం పిట్రోడా అమెరికాలోని వారసత్వ పన్నును ప్రస్తావించి, ఇలాంటి విషయాలపై మన దేశంలోనూ చర్చ జరగాలన్నారు. అంతే, గోరంత మాట కొండంతయింది. గుజరాత్ సభలో ప్రధాని మోదీ, మీకు రెండు గేదెలుంటే కాంగ్రెస్ ఒకటి తీసుకుపోతుందని జనాన్ని భయపెట్టారు. కాంగ్రెస్ ఏం చేసింది? సంపన్నుల మీద పన్ను వేస్తే తప్పేమిటని ఎదురు నిలబడిందా? లేదు. అది మా విధానం కాదంది. పైగా 1985లో ఎస్టేట్ డ్యూటీని రద్దు చేసింది మా రాజీవ్ గాంధీ ప్రభుత్వమేనని గొప్పగా గుర్తుచేసింది. ధనవంతుడి జోలికి ఎవరు తక్కువ వెళ్లారన్నదే ఇప్పుడు ఇద్దరి మధ్య పోటీ!

ఇంతకీ ఆ అమెరికా పన్ను సంగతేమిటి? అక్కడ 2024లో ఒక మనిషి వదిలి వెళ్లిన ఆస్తి 1.36 కోట్ల డాలర్లు, అంటే మన లెక్కలో సుమారు 113 కోట్ల రూపాయలు దాటితేనే కేంద్ర ప్రభుత్వ పన్ను పడేది. 113 కోట్ల విలువైన గేదెలు ఏ రైతు కొట్టంలో ఉన్నాయో ప్రధానిగారే చెప్పాలి.

చరిత్ర చూస్తే ఈ రెండు పార్టీలూ దొందూ దొందే. వారసత్వ ఆస్తి మీద 1953 నుంచి ఉన్న ఎస్టేట్ డ్యూటీని 1985లో కాంగ్రెస్ ఆర్థిక మంత్రి వి.పి. సింగ్ తీసేశారు. 1957 నుంచి ఉన్న సంపద పన్నును 2015 బడ్జెట్‌లో బీజేపీ ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ తీసేశారు. వసూలయ్యేది వెయ్యి కోట్ల చిల్లరేనని కారణం చెప్పారు. వసూలు కాకపోతే గట్టిగా వసూలు చేయాలి గాని చట్టాన్నే ఎత్తేస్తారా? మన సహకార సంఘం బాకీ వసూలు కాకపోతే ఇలాగే వదిలేశారా? బదులుగా కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేశామన్నారు. ఆదాయం వేరు, పోగుపడిన ఆస్తి వేరు. ఆదాయం చూపించకుండా ఆస్తి పెంచుకునేవాడికి సర్‌చార్జి తగలదు.

2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు. దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి పోతుందని ప్రభుత్వమే చెప్పింది. పీఎం కిసాన్ కింద దేశంలోని రైతులందరికీ 2024-25లో కేటాయించింది 60 వేల కోట్లు. ఏది సాయమో, ఏది భారమో వాళ్ల లెక్కల్లోనే ఉంది. అయినా ఉచితాలతో దేశం దివాలా తీస్తోందనే నింద మాత్రం మన మీదే.

రైతు పన్ను కట్టడు అనే మాట టీవీ చర్చల్లో తరచూ వింటుంటాం. 2024లో ఎరువు బస్తా మీద 5 శాతం, పురుగుమందు మీద 18 శాతం, ట్రాక్టరు మీద, డ్రిప్పు పరికరాల మీద 12 శాతం జీఎస్టీ ఎవరు కట్టారు? కంపెనీ అయితే తాను కట్టిన జీఎస్టీని అమ్మకంలో సర్దుబాటు చేసుకుంటుంది. మనకు ఆ వీలు లేదు, పంట ధర నిర్ణయించేదీ మనం కాదు. డీజిల్ మీద కేంద్రం, రాష్ట్రం రెండూ పిండుకుంటున్నాయి.

ఇక మన పేరుతో జరుగుతున్న అసలు వ్యవహారానికి వద్దాం. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. దుక్కి దున్నేవాడి కోసం పెట్టిన ఈ నీడ కింద ఎవరెవరు చేరారు? వ్యవసాయ ఆదాయంగా చూపిన కేసులను కొన్నింటిని పరిశీలించిన కాగ్, వాటిలో 22 శాతానికి పైగా సరైన తనిఖీ లేకుండానే మినహాయింపు ఇచ్చేశారని 2019 నివేదికలో తేల్చింది. భూమి ఎక్కడుంది, ఏ పంట పండింది, ఎవరికి అమ్మారు అని అడిగే నాథుడు లేకపోతే నల్లడబ్బు కూడా వరి ధాన్యమై కూర్చుంటుంది.

ఇంకో విచిత్రం చూడండి. భూమిని కౌలుకిచ్చి పట్నంలో కూర్చున్న ఆసామి తీసుకునే కౌలు కూడా చట్టం దృష్టిలో వ్యవసాయ ఆదాయమే. వానకూ వరదకూ నష్టపోయేది కౌలురైతు, పన్ను లేని రాబడి ఆసామిది!

2024 ఎన్నికల్లో పోటీ చేసిన అభ్యర్థుల అఫిడవిట్లు చూడండి. గుంటూరులో టీడీపీ అభ్యర్థి పెమ్మసాని చంద్రశేఖర్ కుటుంబ ఆస్తులు 5,705 కోట్లు. చేవెళ్లలో బీజేపీ అభ్యర్థి కొండా విశ్వేశ్వర్‌రెడ్డివి 4,568 కోట్లు. వైసీపీ అధినేత జగన్‌మోహన్‌రెడ్డి పేరున 529 కోట్లకు పైనే. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కాంగ్రెస్ అభ్యర్థి నకుల్‌నాథ్‌వి 716 కోట్లు. ఇవి వాళ్లు ప్రకటించిన లెక్కలే. అక్రమమని మేము అనడం లేదు, పన్ను ఎగ్గొట్టారనీ అనడం లేదు. మేము అడిగేది ఒక్కటే: జెండా ఏదైనా చట్టాలు చేసేది ఇంత సంపద ఉన్నవాళ్లయినప్పుడు, సంపద మీద పన్ను చట్టం ఎవరు చేస్తారు?

అఫిడవిట్‌లో ఐదేళ్ల ఆదాయం చూపాలి నిజమే. కానీ అక్కడ అడిగేది ఆదాయపు పన్ను రిటర్నులో చూపిన మొత్తం ఆదాయం. పన్ను మినహాయింపు ఉన్న వ్యవసాయ రాబడి ఆ మొత్తంలో కలవదు. కాబట్టి ఆ అంకె చిన్నదిగా, ఆస్తి అంకె పెద్దదిగా కనిపిస్తే కారణం అడగడం ఓటరుగా మన హక్కు.

వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేయాలని మేము కోరడం లేదు. సన్న, చిన్నకారు రైతుకూ కౌలురైతుకూ మినహాయింపు ఉండి తీరాలి. కానీ లక్షలూ కోట్లూ వ్యవసాయ ఆదాయంగా చూపినవాళ్లను పొలం, పంట, అమ్మకం చీటీలతో సహా తనిఖీ చేయాలి. వాళ్ల దొంగ లెక్కలను సాకుగా పెట్టుకుని రేపు మన మెడకు పన్ను చుట్టకుండా ఉండాలంటే ఈ తనిఖీని మనమే ముందుగా డిమాండ్ చేయాలి.

ఊరికి ప్రచార రథం వచ్చినప్పుడు గ్రామ కమిటీలు మూడు ప్రశ్నలు వేయాలి. వ్యవసాయ ఆదాయంగా మీరు ఎంత చూపించారు, ఆ పంట ఏది? 100 కోట్లు దాటిన ఆస్తి మీద పన్నుకు పార్లమెంటులో చేయెత్తుతారా? ఎరువులు, పురుగుమందులు, ట్రాక్టర్ల మీద జీఎస్టీ తీసేయాలని మీ పార్టీని నిలదీస్తారా?

జవాబు చెప్పకుండా అవతలి పార్టీని తిట్టడం మొదలుపెడితే, అదే జవాబు అనుకోండి. ఆ ఊళ్లో ఆ మాట పదిమందికీ చెప్పండి.