ముందు వినండి

సోమందేపల్లె వంటి కరవు పల్లెల్లో వేరుశనగ వాడితే ఊరంతా గమనిస్తుంది. ఇల్లాలి మనసు వాడితే గమనించేవారెవరు? నిద్ర పట్టక, అన్నం సహించక, దీపం వెలిగించడానికీ చేయి ఆడని తల్లిని చూసి ‘భక్తి తగ్గింది’ అంటాం. అది భక్తిలోపం కాదు, మనోవ్యాధి కావచ్చు.

గీత తొలి అధ్యాయం అర్జున విషాదయోగం. శ్రీకృష్ణుడు ముందు ఆ గోడంతా విన్నాడు; ఉపదేశం ఆ తరువాతే. పాఠకులారా, మీ ఇంటి స్త్రీ దుఃఖాన్నీ అలాగే వినండి. మానసిక వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ‘టెలీ మానస్’ 14416కు ఫోన్ చేస్తే రేయింబవళ్లు, తెలుగులోనే, ఉచితంగా సలహా లభిస్తుంది. పూజకు వైద్యం విరోధి కాదు, రెండూ సాగనివ్వండి.