నకలు ఏ డిస్కులో ఉంది?

జంగ్లీఘాట్ నుంచి వేటకు పోయే పడవవారు డీజిలు, ఐసు, మంచినీళ్లు చూసుకోనిదే బయలుదేరరు. మరి మీరు కంప్యూటరులో ఫైళ్లు దాచేముందు డిస్కును చూసుకుంటున్నారా?

లినక్స్ కంప్యూటర్లకు ‘కేడిస్క్‌ఫ్రీ’ అనే ఉచిత సాధనం ఉంది. తెరిస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. ఏయే డిస్కులున్నాయి, ఒక్కొక్క దానిలో ఎంత ఖాళీ ఉంది, అది ఏ ఫోల్డరుకు జతపడింది అన్న వివరాలు అందులో ఉంటాయి. ఇలా జతచేయడాన్నే ‘మౌంటు’ చేయడం అంటారు.

చాలామంది ఖాళీ ఎంతుందో చూసి ఊరుకుంటారు. మౌంటు వివరం చూడటం అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే, బయటి డిస్కు మౌంటు కాకపోయినా, దానికోసం పెట్టుకున్న ఫోల్డరు మాత్రం కంప్యూటరులో ఉండవచ్చు. అందులో నకలు పెడితే అది కంప్యూటరు సొంత డిస్కులోనే పడుతుంది. రెండు ప్రతులున్నాయని మనం నిశ్చింతగా ఉంటాం. ఆ ఒక్క డిస్కు పాడైతే రెండూ పోతాయి.

2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఈ దీవుల్లో ఇళ్లతోపాటు కాగితాలూ, ఫొటోలూ కొట్టుకుపోయాయి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబులు ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ వేగం పెరిగింది. పోయిన సినిమాను మళ్లీ తెచ్చుకోవచ్చు. కాని నకలు లేని అమ్మ ఫొటోను ఏ కేబులు తెచ్చిపెడుతుంది?

కాబట్టి ఇది మెకానిక్కు పని అనుకోకండి. నకలు తీసేముందు పట్టిక చూడండి. తీశాక ‘అన్‌మౌంటు’ చేసి, ఆ డిస్కును వేరే ఇంట్లో భద్రపరచండి.