అద్దె యింట ఎరువుకుండ

మన సంఘమునకు చెందిన కుటుంబములలో పెక్కు ఈ బెంగళూరు నగరమున మూడు నాలుగు తరములుగా స్థిరపడియున్నవి. అయినను వానిలో చాలవాటికి స్వంతగృహము లేదు. చిక్కపేట, బళేపేట, కాటన్‌పేట సందులలోను, నగరము చుట్టును వెలసిన కొత్త బడావణెలలోను అద్దె వాటాలయందే కాపురములు సాగుచున్నవి. వంటింటి తడిచెత్తతో ఇంటనే ఎరువు చేసికొనవచ్చునని మేము చెప్పినపుడెల్ల మన సోదరీసోదరులనుండి వచ్చు సమాధానమొక్కటే: “నేల మాది కాదు, పెరడు లేదు, మేడ తాళము ఇంటివారి వద్దనున్నది, మావంటివారికి అది యెట్లు సాధ్యము?” ఈ ప్రశ్న సమంజసమైనదే. దానికి మాకు తెలిసినంతలో సమాధానము చెప్పుటకే ఈ వారము పూనుకొంటిమి.

ముందుగా మన చెత్త యెచటికి పోవుచున్నదో విచారింతము. నగరపు చెత్తలో సగమునకు మించినది కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, వాడిన పూలు మొదలగు తడిచెత్తయే. అది యేండ్ల తరబడి నగరమునకు ఉత్తరముననున్న మావళ్ళిపురకును, పాత మద్రాసు రోడ్డుకు సమీపముననున్న మండూరునకును లారీలలో తరలిపోయినది. ప్లాస్టికుతో కలసి గుట్టలుగా పడిన తడిచెత్త గాలి తగులక కుళ్ళును. దానినుండి సులభముగా అంటుకొను మిథేను వాయువు పుట్టును. కారిన నల్లనీరు భూమిలోనికింకి బావులను చెరచును. ఈ బాధకు తాళలేక ఆ గ్రామముల ప్రజలు తిరుగబడిరి. 2012లో మావళ్ళిపురలో చెత్త పోయుట ఆగినది. 2014లో మండూరువారు ఆందోళనకు దిగిరి. ఆ యేటి చివర అచటను నిలిచినది. బొంబాయిలోని దేవనారు గుట్ట 2016 జనవరిలో అంటుకొని నగరమును పొగతో కప్పిన సంగతియు ఎల్లరెరిగినదే. మన వాకిటినుండి తొలగినది మరియొకరి వాకిట పడుచున్నదన్నమాట. ఆ గుట్టలో స్వంతయింటివారి చెత్తయని, అద్దెయింటివారి చెత్తయని భేదము లేదు.

నలుగురున్న యింట దినమునకు అరకిలో తడిచెత్త వచ్చునని లెక్కవేసినను సంవత్సరమునకు 180 కిలోలు దాటును. వ్యాపారస్థులమైన మనకు ఈ లెక్క వేరుగ వివరింపనక్కరలేదు. సరకుగా మార్చుకొనదగినదానిని కిరాయి కట్టి పారవేయువారిని మనమేమందుము?

ఈ విద్య మనకు కొత్తది కాదు. మన పెద్దలు విడిచివచ్చిన పల్లెలలో ఇంటింటి వెనుకను ఎరువుదిబ్బ యుండెడిది. 1920 తరువాతి సంవత్సరములలో ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు ఇండోరులో మన రైతుల పద్ధతులను పరిశీలించి, ఎరువు చేయు ఒక క్రమమును ఏర్పరచెను. 1939 ప్రాంతమున మన బెంగళూరులోని భారత విజ్ఞానశాస్త్ర సంస్థలోనే సి. ఎన్. ఆచార్య పట్టణపు చెత్తను ఎరువుగా మార్చు విధానమును రూపొందించెను. దానికి నేటికిని బెంగళూరు పద్ధతియనియే పేరు. అట్టి నగరమున నివసించు మనకు, చేతనైనంతలో ఆ పనికి పూనుకొనుట శోభనిచ్చును.

ఇక విధానము. ఇరువది లీటర్లు పట్టు పాత రంగుడబ్బాలు రెండు, లేక మట్టికుండలు రెండు చాలును. ప్రక్కలను, అడుగునను, మూతకును చిన్న రంధ్రములు చేయవలెను. అడుగున తప్పక ఒక పళ్ళెమునుంచవలెను. లోపల రెండంగుళముల మందమున ఎండుటాకులుగాని కొబ్బరిపొట్టుగాని పరచి, గుప్పెడు పాత ఎరువో, కొద్దిగ పులిసిన మజ్జిగయో చేర్చవలెను. దినదినము తొక్కలను చిన్న ముక్కలు చేసి, నీరు వంచి, అందు వేసి, అంతే పరిమాణముగల పొడిసరకుతో పూర్తిగా కప్పవలెను. వారమునకు రెండుమార్లు కర్రతో కలియబెట్టవలెను. మొదటిది నిండగానే ప్రక్కనుంచి రెండవది ప్రారంభింపవలెను. రెండు మూడు మాసములలో మొదటిది నల్లగా, పొడిపొడిగా, తొలివానకు తడిసిన మట్టివాసనతో సిద్ధమగును.

ఇందలి రహస్యమంతయు పొడిసరకునందున్నది. ఎరువు చేయు సూక్ష్మజీవులకు నత్రజని యొక పాలు, కర్బనము ఇరువదియైదు ముప్పది పాళ్ళు ఉండవలయును. తొక్కలలో నత్రజని యధికము. ఎండుటాకు, కాగితము, రంపపుపొట్టులలో కర్బనము అధికము. లోపలి తడి పిండిన గుడ్డవలె నుండవలెను. దుర్వాసన వచ్చిన తడి యెక్కువైనదని గ్రహించి పొడిసరకు చేర్చి కలియబెట్టవలెను. చీమలు పట్టిన మిక్కిలి యెండినదని గ్రహించి కొంచెము నీరు చిలుకవలెను. చిన్న ఈగలు మూగిన పైకప్పు పలుచనైనదని తెలియవలెను. మాంసము, చేపలు, ఎముకలు, నూనె, పాలు మాత్రము వేయరాదు. అవి ఎలుకలను రప్పించును. పెరటి చెట్టు లేనివారు ఫాల్గుణ చైత్రములలో వీధిచెట్లు రాల్చు ఆకును ఒక గోనెసంచి నింపి యుంచుకొనవచ్చును. మన అంగళ్ళలో మిగులు మందపు కాగితమును చించి వేసినను పనికివచ్చును.

అద్దెకున్నవారు ప్రత్యేకముగ పాటింపవలసినవి కొన్ని గలవు. కుండను తెచ్చుటకు ముందే ఇంటి యజమానికి చెప్పవలెను. దాచి చేసిన మంచిపనికి కూడ చెడ్డపేరే వచ్చును. అందరు నడచు మెట్లమీదను, పడిపోవుటకు వీలగు పిట్టగోడమీదను ఉంచరాదు. వంటింటి వెనుక గిన్నెలు తోము చోటు చాలును, ఎండ అక్కరలేదు. రంధ్రములు డబ్బాకే గాని గోడకు వలదు. నేలకు మరక పడినచో ఇల్లు విడుచునాడు అడ్వాన్సులో కోతపడునని మరువరాదు. అడుగున పళ్ళెమునుంచుమని చెప్పుటకు కారణమిదియే. తొలిసారి సిద్ధమైన ఎరువులో ఒక సంచి యజమానిగారి కొబ్బరిచెట్టుకు సమర్పించుట కంటె మంచి మాట మరియొకటి లేదు.

ఇల్లు మారవలసివచ్చిన కొత్త తొక్కలు వేయుట ఒక మాసము ముందే ఆపవలెను. అప్పటికి లోపలి సరకు సగమునకు పైగా క్రుంగి తేలికపడును. అద్దెయింట మనము గోడకు కొట్టిన మేకు కూడ మనది కాదు. ఎరువుకుండ మాత్రము మనతో వచ్చును. తులసికిని, కరివేపమొక్కకును మూడు పాళ్ళ మట్టికి ఒక పాలు ఎరువు కలిపిన చాలును. మిగిలినది వీధిచెట్టు పాదులో వేయవచ్చును.

వృద్ధులు, రోగులు, తెల్లవారినది మొదలు ప్రొద్దుపోవువరకు పనిమీదనుండువారు ఇంతపని చేయలేకపోవచ్చును. అట్టివారిని మేము నిందింపము. కాని తడిచెత్తను, పొడిచెత్తను, ప్రమాదకరమైన చెత్తను వేరుచేసి యిచ్చుట 2016లోనే కేంద్రప్రభుత్వ నియమములు విధించిన బాధ్యత. దానికి కుండయు అక్కరలేదు, యజమాని అనుమతియు అక్కరలేదు. కలిపి యిచ్చిన చెత్తను మరియొకరు వట్టిచేతులతో ఏరవలసివచ్చునని తలచుకొనిన చాలును.

స్వంత యిల్లు అయినపుడు చేయుదమని కొందరందురు. ఆ శుభదినము అందరికిని త్వరలో రావలెనని మా ఆకాంక్ష. కాని అంతవరకు మన చెత్తను మోయువారు ఆగరు, ఆ గుట్టలు ఆగవు. కావున ప్రతి గృహిణియు, ప్రతి గృహస్థుడును ఈ మాసముననే ఒక్క కుండతో ప్రారంభింపవలెనని ప్రార్థించుచున్నాము.