చలేస్తోందని నోరు తెరవరు

పుష్యమాసంలోనూ మా అత్తయ్య గీజర్ వేయనివ్వరు. "నాలుగు చెంబుల నీళ్లకి అంత కరెంటా?" అంటారు. చూస్తే వేళ్లు కొంకర్లు పోతుంటాయి.

బ్రిటన్‌లో పెద్దవాళ్ల కబురు చదువుతుంటే ఆవిడే గుర్తొచ్చారు. అక్కడ నెలల తరబడి ఇల్లు వెచ్చబెట్టుకోవాలి, బిల్లు భయంతో హీటర్ కట్టేసి దుప్పట్లో ముడుచుకునే ముసలివాళ్లున్నారు. వాళ్లకోసమే 1997లో చలికాలపు ఇంధన సాయం మొదలుపెట్టారు. చాలామందికి అడక్కుండానే ఖాతాలో పడేది. 2024లో ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని పెన్షన్ క్రెడిట్ లాంటి పేదల సాయం అందుకునేవాళ్లకే పరిమితం చేశారు. ఉన్నవాళ్లకెందుకూ అంటే న్యాయంగానే ఉంది. కానీ అర్హత ఉండీ ఆ క్రెడిట్‌కి దరఖాస్తు పెట్టనివాళ్లు ఎందరో! కాగితాలు నింపలేక కొందరు, చెయ్యి చాచడం నామోషీ అయి కొందరు. హద్దుకి కాస్త పైన ఆదాయం ఉన్నవాళ్లకీ మొండిచెయ్యే. పెద్ద గొడవయింది.

2025లో మళ్లీ అందరికీ ఇచ్చి, ఏడాదికి 35,000 పౌండ్లు దాటిన ఆదాయం ఉన్నవాళ్ల దగ్గర పన్ను రూపంలో వెనక్కి తీసుకోవాలని నిర్ణయించారు. మామూలుగా ఇంటికి 200 పౌండ్లు, ఎనభై నిండినవాళ్లుంటే 300. నాకైతే ఈ పద్ధతే నచ్చింది. లెక్కలేవో సర్కారే చూసుకోవాలి గానీ, ముసలివాళ్ల చేత అడిగించుకోవడమేమిటి?

నేనూ అత్తయ్యని అడగడం మానేశాను. పొద్దున్నే గీజర్ వేసి, బకెట్ నింపి, "నీళ్లు చల్లారిపోతున్నాయి అత్తయ్యా" అంటున్నాను. సణుక్కుంటూనే వెళ్తున్నారు.