కలము - కడాయి

"కూటి కొరకు కోటి విద్యలు" అన్న సామెతను మనం తరచు ఒక నిట్టూర్పుతో పలుకుతాము. విద్య తన స్థానం నుండి ఒక మెట్టు దిగి కూటి కోసం చేయి చాచినదన్న భావం ఆ నిట్టూర్పులో దాగి ఉన్నది. ఈ సంవత్సరం ఆ సామెత మన కళాశాల ప్రాంగణంలోనే ఒక వివాదంగా రూపు దాల్చినది. అందులో మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, పాలకవర్గం వారి ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బి.ఏ. తృతీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి సాయంవేళ కళాశాల ద్వారం వద్ద సమోసాలు అమ్ముతున్నాడు. పిండి కలిపి, మసాలా కూర్చేది ఇంటి వద్ద అతని తల్లి. వేయించి అమ్మేది అతడు. ఆ చేతికే మరొక విద్య కూడా ఉన్నది. నస్తాలీఖ్ లిపిని ముత్యాల వలె వ్రాయగల ఖుష్‌నవీస్ అతడు. ఉర్దూ సామెతలను, వాటికి సాటివచ్చే తెలుగు సామెతలను ఒకే పుటపై ఎదురెదురుగా వ్రాసి నలభై పుటల సంపుటం సిద్ధం చేయాలన్నది అతని ఆశయం. ఇప్పటికి పదకొండు పుటలు పూర్తి అయినవి.

ఇతని విషయంలో రెండు మాటలు వినవచ్చినవి. పట్టభద్రుడు కానున్నవాడు కడాయి ముందు నిలబడడం కళాశాల గౌరవానికి భంగమని కొందరు పెద్దలు అన్నారు. వ్యాపారం బాగానే సాగుతున్నది గనుక ఇక ఆ వ్రాతపని మాని దుకాణం పెట్టుకొమ్మని కొందరు హితులు సలహా ఇచ్చారు. ఒకరు కడాయిని దించమంటారు. ఒకరు కలాన్ని పారవేయమంటారు. ఈ రెండు మాటలూ సరియైనవి కావని మా నమ్మకం.

కలమే కూడు పెట్టిన కాలం ఒకటి ఉండేది. ఉర్దూ పత్రిక వెలువడాలంటే కాతిబ్ కూర్చొని ప్రతి పంక్తిని చేతితో వ్రాయవలసి ఉండేది. మద్రాసు నగరంలో 1927లో స్థాపితమైన 'ముసల్మాన్' దినపత్రిక దశాబ్దాల పాటు చేతివ్రాతతోనే వెలువడినది. 1980వ దశకంలో నస్తాలీఖ్ యంత్రలిపిగా మారినది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చిన పిమ్మట కాతిబుల పీటలు ఒక్కొక్కటిగా ఖాళీ అయినవి. మన పట్టణంలోనూ దుకాణాల పేర్లు కుంచెతో వ్రాసిన చిత్రకారుల పొట్టను ఫ్లెక్సీ యంత్రం కొట్టినది. నేర్చిన కళకు అంగడి లేనప్పుడు కళాకారునికి రెండే దారులు: కళను వదలుకోవడం, లేదా వేరొక పనితో దానిని పోషించుకోవడం. మన విద్యార్థి రెండవ దారిని ఎన్నుకొన్నాడు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమున్నది?

మన సంప్రదాయంలో చేతిపనికి గల గౌరవాన్ని మనమే మరచిపోతున్నాము. దావూద్ ప్రవక్త తన చేతి కష్టంతోనే భుజించాడని మనం పిల్లలకు బోధిస్తాము. ఇమామ్ అబూ హనీఫా కూఫా నగరంలో పట్టుబట్టల వర్తకులు; ఆ వర్తకం వారి ధర్మశాస్త్ర పాండిత్యానికి అడ్డు రాలేదు. కబీరు మగ్గం విడువలేదు. ఎహ్సాన్ దానిష్ కూలిపని చేస్తూనే ఉర్దూ కవిగా ఎదిగాడు. మన తెలుగునాట, 1986లో పద్మశ్రీ పొందిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ జీవితకథకు పెట్టిన పేరు 'పింజారి'. దూదేకే వృత్తి పేరు ఆ గ్రంథానికి శిరోభూషణమైనది. అట్టివారిని సభలలో కొనియాడి, సమోసాల బుట్టను చూసి ముఖం తిప్పుకోవడం న్యాయం కాదు.

అయితే ఆ యువకుని వెనుకేసుకొని వచ్చి ఊరుకోవడం మా ఉద్దేశం కాదు. అతని లెక్కల పుస్తకాన్ని అడిగి చూశాము. ఒక రోజు రెండు వందల సమోసాలు, ఒక్కొక్కటి 8 రూపాయల చొప్పున 1,600 రూపాయల రాబడి. మైదా, నూనె, ఉల్లి, ఆలుగడ్డలకు 950. గ్యాసుకు, కాగితానికి 150. మిగులు 500 అని వ్రాసి, దాని క్రింద సంతోషంగా గీత గీశాడు. "అమ్మ కూలి ఎక్కడ?" అని అడిగాము. "అమ్మీకి కూలి ఏమిటి సార్!" అని నవ్వాడు. తల్లి ఆరు గంటలు, కొడుకు ఆరు గంటలు పని చేస్తే ఆ 500 రూపాయలు గంటకు 42 రూపాయలకు కూడా సరిపోవు. ఇది లాభం కాదు, ఇద్దరి కూలి; అదీ తక్కువ కూలి. దానికి తోడు స్నేహితుల అప్పులు. "రేపు ఇస్తాము" అన్న మాట ఆ పుస్తకంలో మూడు పుటలు నిండి ఉన్నది. విద్యార్థులారా! మిత్రుని సమోసా తిని డబ్బు ఎగవేయడం చమత్కారం కాదు. అతని తల్లి కూలిలో కోత.

తినుబండారం అమ్మేవాడు ఇతరుల ఆరోగ్యానికి పూచీదారు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం చిన్న వర్తకుడైనా తన పేరు నమోదు చేయించుకొని పద్నాలుగు అంకెల సంఖ్య పొందవలెను. మరిగిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో చెడు పదార్థాలు పెరుగుతాయి. 2018 నుండి వాటికి 25 శాతం పరిమితి విధింపబడినది. ఈ సంగతులు ఆ విద్యార్థికి తెలియవు. మేము చెప్పలేదు గనుక తెలియవు. వాణిజ్యశాస్త్రంలో జమాఖర్చులు బోధిస్తున్నాము. రసాయనశాస్త్రంలో నూనెల గుణాలు బోధిస్తున్నాము. ద్వారం వద్ద ఉన్న కడాయి వరకు ఆ పాఠాలు నడిచి వెళ్ళలేదు.

ఇక మా తప్పును కూడా ఒప్పుకోవలెను. నిరుడు వార్షికోత్సవానికి యోగ్యతాపత్రాలపై నూట ఇరవై పేర్లను రెండు లిపులలో వ్రాసినది ఈ విద్యార్థియే. రెండు రాత్రులు మేలుకొని వ్రాశాడు. వేదికపై అందరమూ "శాబాష్" అన్నాము. ఒక కప్పు చాయ్ ఇచ్చాము. అదే సాయంత్రం షామియానా వానికి, మైకు వానికి, బిర్యానీ వండిన వానికి రొక్కం లెక్కపెట్టి ఇచ్చాము. కళకు చప్పట్లు చాలునని అతనికి నేర్పినది మేమే. కడాయి ముందు నిలబడినప్పుడు గౌరవభంగమన్నదీ మేమే. సమోసాకు ఎనిమిది రూపాయలు ఇచ్చే లోకం అక్షరానికి ఏమీ ఇవ్వకపోతే, ఆ పన్నెండవ పుట ఎప్పటికి పూర్తి కాగలదు?

కనుక పాలకవర్గం వారికి మా మనవులు మూడు. ద్వారం బయట దుమ్ములో కాక, ఆవరణ లోపల నీటి కుళాయి సమీపంలో అతనికి నీడ గల చోటు చూపవలెను. వేళలు తరగతులు ముగిసిన పిదప రెండు గంటలకు పరిమితం చేయవలెను. హాజరు తగ్గితే అనుమతి రద్దు చేయవలెను. రెండవది, నమోదు, జమాఖర్చు, ఋణం వంటి విషయాలలో ఇటువంటి విద్యార్థులకు సాయపడేందుకు ఒక అధ్యాపకుని నియమించవలెను. 2015లో ప్రారంభమైన ముద్రా పథకంలో 'శిశు' తరగతి క్రింద యాభై వేల రూపాయల వరకు ఋణానికి అవకాశం కలదని ఎందరు విద్యార్థులకు తెలుసు? మూడవది, ఈ సంచిక శీర్షికలైనా, యోగ్యతాపత్రాలైనా, ఇకపై మన విద్యార్థి చేత వ్రాయిస్తే ప్రతిఫలం ఇచ్చి వ్రాయించవలెను. మొత్తం స్వల్పమైనా సరే, రసీదుతో ఇవ్వవలెను.

ఆ విద్యార్థికి కూడా ఒక మాట. నాయనా, అమ్మ కూలిని లెక్కలో వ్రాయి. అప్పుల పుట మూసివేయి. వారంలో ఒక సాయంత్రం కడాయిని బోర్లించి కలం పట్టు. ఆ సాయంత్రాన్ని సెలవుగా తలచకు, అది కూడా నీ పనిదినమే.

కలము అన్న మాట అరబ్బీ నుండి వచ్చి ఉర్దూలోనూ తెలుగులోనూ స్థిరపడినది. కడాయి ఏ భాషవారి వంటింటిలోనైనా కడాయియే. ఈ రెండింటినీ ఒకే చేయి పట్టగలదని ఆ యువకుడు చూపుతున్నాడు. ఆ చేతిని నిలబెట్టడమా, విరవడమా అన్నది ఇప్పుడు మన చేతిలో ఉన్నది.