కారు మీద సైకిలు ప్రయాణము

సంక్రాంతికిని వేసవి సెలవులకును హైదరాబాదు నుండి నాగార్జునసాగరము, మాచర్ల, యర్రగొండపాలెముల మీదుగ మార్కాపురమునకు వచ్చు కార్లను రహదారి ప్రక్కన నిలిచి పలుమారులు చూచితిని. వానలేని నేలను విడిచి బ్రతుకుతెరువునకై పట్టణము చేరిన కుటుంబములు, ఏడాదికొకమారు సొంతయూరి మట్టిని త్రొక్క వచ్చుచు, పెట్టెబేడలతోబాటు తండ్రి సైకిలును, కూతురి సైకిలును కూడ కారునకు కట్టి తెచ్చుచున్నవి. ఇది వృథాశ్రమ యనువారితో నేనేకీభవింపను. అద్దముల వెనుక కూర్చుండి వేగముగ సాగిపోవు పిల్లవానికి కంభము చెరువు ఒక నీటిమెరుపు మాత్రమే. విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించినదని మనవారు చెప్పుకొను ఆ కట్ట, రెండు కొండల నడిమి సందును మూసి గుండ్లకమ్మను నిలిపిన తీరును, ఆ నీటితో పచ్చబడిన పొలముల వాలును, ఎదురుగాలిలో రొప్పుచు సైకిలు త్రొక్కినవాడే ఎరుగును. కనుక సైకిలు ఊరికి రావలసినదే. అది వచ్చు తీరే నన్ను కలవరపెట్టుచున్నది.

పూర్వము ఈ చింత యుండెడిది కాదు. గుంటూరు-గుంతకల్లు మీటరుగేజి దారిలో, కొత్త సైకిలు కొన్న బడిపంతులు దానిని గార్డు పెట్టెలో వేయించి, చీటీ కట్టించి, తర్లుపాడులోనో గిద్దలూరులోనో దించుకొనెడివాడు. బస్సు వెనుక ఇనుప నిచ్చెనయు, పైకప్పుమీద కమ్మీల గూడును ఉండెడివి. కూలీ చకచక పైకెక్కి, సైకిలును పరుండబెట్టి, నాలుగు చుట్లు చుట్టి, బస్సు ఎంత కుదిపినను కదలని ముడి వేసి దిగెడివాడు. 1990వ దశకమున రైలుదారి బ్రాడుగేజి అయినది, బస్సులకు నిచ్చెన కనబడుట అరుదైనది, సైకిలును చేరవేయు బాధ్యత గృహస్థుని చేతికి వచ్చినది. ఆ కూలీ చేతి నేర్పు మాత్రము వెంట రాలేదు.

మొన్నటి పండుగనాడు యర్రగొండపాలెము దాటిన పిమ్మట నేను చూచినది చెప్పుదును. ఒక చిన్నకారు డిక్కీ తలుపునకు రెండు సైకిళ్లను నైలాను త్రాటితో అడ్డముగ వ్రేలాడగట్టిరి. ముందుచక్రము కారు అంచును దాటి జానెడు బయటికి వచ్చినది. ఎదురుగ మోటారుసైకిలుపై భార్యతో వచ్చుచున్న రైతు దానిని కడపటి క్షణమున గుర్తించి మట్టిదారిలోనికి దిగెను గాని, ఆమె కొంగు చక్రమునకు తగిలి చిరిగెను. ప్రాణములు దక్కినవి. కారు నడుపుచున్నవానికి జరిగినదేదియు తెలియనే తెలియదు. వెనుక అద్దము నిండ సైకిళ్లే.

పెద్దవారి సైకిలు పొడవు సుమారు 175 సెంటీమీటర్లు. మన చిన్నకార్ల వెడల్పు 160కిని 175కును నడుమ నుండును. కావున సైకిలును అడ్డముగ కట్టినచో అది సాధారణముగ కారు అంచును మించును. ముందుచక్రము విప్పినచో ఈ యాపద చాలవరకు తొలగును. దానికి కావలసినది ఒక పానా, రెండు నిమిషముల ఓర్పు. అనుమతించిన మేరను మించి పొడుచుకువచ్చు బరువునకు 2019లో సవరించిన మోటారు వాహన చట్టము 20,000 రూపాయల జరిమానా విధించుచున్నది. నంబరు పలకను, ఎర్రదీపములను సైకిలు కప్పివేయుటయు చిన్న తప్పు కాదు. చీకటి పడిన తరువాత దిగువమెట్ట దాటి నల్లమల మలుపులలో పోవు బండి ఆగుచున్నదో తిరుగుచున్నదో వెనుకవానికి ఆ దీపములే చెప్పవలెను.

వెనుక సీటు మడవగలిగిన కారైనచో లోపల పెట్టుటయే నా మతము. చక్రములు విప్పి, చైను వైపు పైకి వచ్చునట్లు పరుండబెట్టి, నడుమ పాతదుప్పటి పరచిన చాలును. పైకప్పు మీదనే పెట్టదలచినచో, అది మోయగల బరువెంతయో కారుతో వచ్చిన పుస్తకములో ముందుగ చూచుకొనవలెను. పాతకాలపు నల్లసైకిలొక్కటే ఇరువది కిలోల వరకు తూగును. నిలువుగ బిగించిన సైకిలుతో కారు ఎత్తు ఎనిమిదడుగులు మించునని మరచి, ఊరి సందులో వ్రేలాడు కేబులు తీగలలోనికి, ఇంటి ముంగిటి కమాను క్రిందికి తిన్నగ పోనిచ్చువారు కలరు. ఇక త్రాటి సంగతి. నైలాను త్రాడు సాగును, సాగి వదులగును; సైకిలు షాపులో పారవేయు పాతట్యూబును చీల్చి చుట్టినచో అది యినుమును పట్టి విడువదు. కట్టు ఫ్రేమునకు పడవలెను గాని హ్యాండిలుకు, బ్రేకు తీగలకు కాదు. బయలుదేరిన పది కిలోమీటర్లకు ఒకమారు దిగి, చేతితో ఊపి చూడవలెను. కుదుపులకు సర్దుకొన్న కట్టు అప్పుడే తన లోపమును బయటపెట్టును.

ఈ నేర్పు మన నేలకు కొత్తది కాదు. చేయిజారిన పగులు పలకను వందలుగ పేర్చి, సందులు నింపి, లారీల కెత్తి దూరరాష్ట్రముల బడులకు చెక్కుచెదరకుండ చేర్చిన యూరు మార్కాపురము. ఆ యూరి వాకిట సైకిలు ఊడి రోడ్డున పడుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

రవాణాశాఖవారు పండుగకు ముందు, సైకిలును కారునకు ఏ కొలతలలో కట్టవచ్చునో తెలుగులో అచ్చువేసి పెట్రోలు బంకులలో అంటింపవలెను. ఆర్టీసీవారు దూరపు బస్సుల అడుగు గదిలో సైకిలునకు చోటిచ్చి తగిన రుసుము తీసుకొనవలెను. అటులైనచో కారు లేని కూలివాని బిడ్డయు తన సైకిలుతో ఊరికి రాగలదు.